లాటరీ తీసి అమ్మిన కారు

2018 జూన్ నెల మొత్తంలో గుజరాత్‌లోని సాణంద్ ఫ్యాక్టరీలో తయారైన టాటా నానోలు ఎన్నో తెలుసా? ఒకటి. ఏడాదికి రెండున్నర లక్షల కార్లు చేయడానికని కట్టిన ఫ్యాక్టరీ అది. అంతకు తొమ్మిదేళ్ల ముందు ఇదే కారు కోసం జనం డబ్బు ముందే కట్టి, లాటరీలో తమ నంబరు తగులుతుందా లేదా అని ఎదురుచూశారు.

వానలో ఒకే స్కూటర్ మీద నలుగురు వెళ్తున్న కుటుంబాన్ని చూసి ఈ కారు ఆలోచన పుట్టిందని రతన్ టాటా చాలాసార్లు చెప్పారు. అలాంటి ప్రయాణం మనలో చెయ్యనివాళ్లెవరు? నాన్న ముందు ఒకరు నిలబడి, అమ్మ ఒళ్లో ఇంకొకరు కూర్చుని పెళ్లిళ్లకు వెళ్లొచ్చినవాళ్లమే. 2008 జనవరి 10న ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో ఆయన బుల్లి కారులో వేదిక మీదికొచ్చి, లక్ష రూపాయలకే ఇస్తామన్న మాట మాటేనన్నారు. పన్నులూ రవాణా కలిస్తే లక్ష దాటిందనుకోండి, అది వేరే సంగతి.

లక్షలోపు తేవడానికి వాళ్లు పడ్డ పాట్లు దగ్గరికెళ్లి చూస్తేగానీ అర్థంకావు. చక్రానికి నాలుగు నట్ల బదులు మూడు. ముందు అద్దానికి ఒకటే వైపర్. మొదటి కార్లకు పక్క అద్దం డ్రైవర్ వైపు మాత్రమే. 624 సీసీ, రెండు సిలిండర్ల ఇంజిన్ వెనక సీటు వెనకాల ఉంటుంది. బానెట్ ఎత్తితే కనిపించేది స్టెప్నీ, పెట్రోల్ పోసే మూత. డిక్కీ తలుపు బయటినుంచి తెరుచుకోదు. సంచి పెట్టాలంటే వెనక సీటు వంచాల్సిందే. ఇంత కోత కోసినా లోపల నలుగురు పెద్దవాళ్లు మోకాళ్లు తగలకుండా కూర్చోగలిగేవారు. ఆ పనితనానికి దండం పెట్టాలి.

కష్టాలు మాత్రం కారు రోడ్డెక్కకముందే మొదలయ్యాయి. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో 997 ఎకరాలు సేకరించి ఫ్యాక్టరీ కడుతుంటే, భూమి ఇవ్వబోమన్న రైతుల తరఫున మమతా బెనర్జీ ఉద్యమానికి దిగారు. 2008 అక్టోబరులో టాటాలు పూర్తికావచ్చిన షెడ్లను వదిలేసి వెళ్లిపోయారు. రమ్మని పిలిచిన రాష్ట్రాల్లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. చివరికి కారు సాణంద్ చేరింది. ఆ భూసేకరణ చెల్లదని 2016లో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి రైతుల మొండితనం వల్లే నానో పోయిందనేవారి మాట నేనొప్పుకోను. దెబ్బ తగిలింది నిజమే, ప్రాణం తీసింది అది కాదు.

2009 ఏప్రిల్‌లో బుకింగులు తెరిస్తే రెండు లక్షలకు పైగా వచ్చాయి. చాలామంది బ్యాంకు లోను పెట్టి మరీ కట్టారు. లాటరీ తీసి లక్ష మందిని ఎంచారు. జులైలో ముంబైలో తొలి తాళాలు ఇచ్చారు. ఆ తర్వాత గోరుచుట్టు మీద రోకటిపోటులా, అక్కడక్కడా నానోలు తగలబడ్డాయన్న వార్తలు మొదలయ్యాయి. షోరూం నుంచి ఇంటికి తీసుకెళ్తుండగానే ముంబైలో ఒకటి కాలిపోయింది. మంటల్లో ఉన్న ఆ బుల్లి కారు బొమ్మ టీవీల్లో ఎన్నిసార్లు తిరిగిందో! 2010 నవంబరులో దేశం మొత్తమ్మీద అమ్ముడైన నానోలు 509. కార్లు కొన్నవాళ్లను కంపెనీ పిలిచి ఉచితంగా అదనపు రక్షణ పరికరాలు బిగించింది, వారంటీ పెంచింది. అమ్మకాలు కొంత లేచాయి, నిలవలేదు.

అసలు రోగం వేరే ఉంది. లక్ష రూపాయలన్న మాటే దాని ఇంటిపేరైపోయింది. అత్తారింటి ముందు కొత్త నానో ఆపిన అల్లుణ్ణి ఊహించుకోండి. అరుగు మీది పెద్దాయన పలకరింపు ఎలా ఉంటుంది? "ఏం అల్లుడూ, లక్ష రూపాయల కారంట గదా!" ఆ ఒక్క మాటతో బండి వెలా, అల్లుడి తాహతూ వీధంతా తెలిసిపోతాయి. మన దగ్గర కారు కొనేది వానకు తడవకుండా ఉండటానికే కాదు, నలుగురిలో తలెత్తుకోవడానికి కూడా. చవక కారన్న ముద్ర పడనిచ్చి పొరపాటు చేశామని తర్వాత రతన్ టాటాయే అన్నారు.

మరి ఆ లక్ష జేబులో పెట్టుకున్నవాడు ఎటు పోయాడు? సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డుకు పోయాడు. నానో వస్తోందనగానే పాత కార్ల బేరగాళ్లు గాభరాపడ్డారు, ఇక మా మారుతి 800లను ఎవరు అడుగుతారని. ఆ భయం ఎక్కువకాలం నిలవలేదు. 1983లో ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి తాళాలు అందించిన బండి 800. ఒకప్పుడు డాక్టర్లూ ఆఫీసర్లూ నడిపినది. నాలుగు చేతులు మారినా ఆ పరువు కాస్త మిగిలే ఉంటుంది, పైగా దాని వెల ఎవరి నోటా ఉండదు. ఏ మండల కేంద్రంలో ఆగిపోయినా, "ఇంజిన్ బోరుకొచ్చిందన్నా, ఇంకో ఏడాది లాగుద్ది" అని వినగానే చెప్పే మెకానిక్ దొరుకుతాడు. కొత్త నానో ఓడింది ఈ పాత బండి చేతిలోనే. 2014 జనవరిలో 800 తయారీ కూడా ఆగింది. కానీ అది అమ్మాల్సినన్ని అమ్మి, వయసు నిండి వెళ్లింది. నానోది అకాల మరణం.

నానోకు 2014లో పవర్ స్టీరింగు, 2015లో తెరుచుకునే డిక్కీ వచ్చాయి. అప్పటికే ఆలస్యమైంది. కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ 2014లో గుద్దించి చూస్తే ఒక్క నక్షత్రమూ రాలేదు (అదే పరీక్షలో ఆల్టోకూ రాలేదు, అయినా జనం ఆల్టో కొనడం మానలేదు). 2019లో ఒక్క నానో కూడా తయారవలేదు. 2024 అక్టోబరు 9న రతన్ టాటా వెళ్లిపోయారు.

ఇప్పుడు నానోలు ఉన్నది పాత కార్ల షెడ్లలోనే, స్కూటర్ ధరకు కాస్త అటూ ఇటూగా. చేతిలో డబ్బు తక్కువై, ఊళ్లో పిల్లల్ని బడికి దింపడానికో, అమ్మను ఆసుపత్రికి తీసుకెళ్లడానికో నాలుగు చక్రాలు కావాలంటే తప్పకుండా చూడండి, ఎవరేమన్నా పట్టించుకోకండి. పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వెళ్లి మీరే స్టార్ట్ చేయండి. వెనక సీటు వంచి, ఆయిల్ కారిన మరకలున్నాయేమో టార్చితో చూడండి. బ్యాంకు లోను తీరిందని ఎన్‌వోసీ అడగండి. హైవే ప్రయాణాలకు మాత్రం వద్దు. మొదటి విడత బండ్లకు పదిహేనేళ్లు నిండిపోయాయి. రిజిస్ట్రేషన్ పొడిగింపుకు 2022 ఏప్రిల్ నుంచి ఫీజు 5,000 రూపాయలైంది, గ్రీన్ ట్యాక్సు దానికి అదనం. ఆర్‌సీ మీద గడువు తేదీ చూడకుండా అడ్వాన్సు ఇవ్వకండి.