కందెన నుంచి బేరింగు వరకు: చక్రం మోత చెప్పే చరిత్ర

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతం” అని మన పెద్దల సామెత. వరిగడ్డి మసిలో ఆముదం కలిపి ఇరుసుకు రాస్తే బండి చప్పుడూ తగ్గేది, ఎద్దుల శ్రమా తగ్గేది. ఎద్దుబండి పోయి మోటారు కారు వచ్చినా, చక్రానికీ ఇరుసుకూ మధ్య రాపిడి అనే సమస్య మాత్రం పోలేదు. దానిని తగ్గించడానికి మనిషి పడిన పాట్లే బేరింగు చరిత్ర. మనలో చాలామంది ఇళ్ళలో కారు ఉన్న ఈ రోజుల్లో ఆ చరిత్ర కొంత తెలిసి ఉండడం మన క్షేమానికే మంచిది.

రుద్దుకోవడం కంటే దొర్లడం తేలిక. బేరింగుకు మూలసూత్రం ఇదే. 1794లో వేల్స్ దేశంలోని కార్మార్థెన్‌కు చెందిన ఫిలిప్ వాన్ అనే ఇనుప కార్ఖానాదారు, గుర్రపు బండి ఇరుసుకు గాడి చేసి అందులో గోళీలు అమర్చే పద్ధతికి పేటెంటు పొందాడు. 1869లో పారిస్‌లో జూల్స్ సురిరే అనే సైకిల్ మెకానిక్కు సైకిల్ చక్రాలకు బాల్ బేరింగులు పెట్టాడు. అయితే గోళీలన్నీ ఒకే సైజులో ఉండాలి. ఒక్కటి కాస్త పెద్దదైనా బరువంతా దాని మీదే పడి అరిగిపోతుంది. ఈ చిక్కు 1883లో విడింది. జర్మనీలోని ష్వైన్‌ఫర్ట్ పట్టణంలో ఫ్రీడ్రిష్ ఫిషర్ ఉక్కు గోళీలను సమానంగా, గుండ్రంగా సానపట్టే యంత్రం తయారుచేశాడు.

కార్లకు ఎక్కువగా పనికివచ్చిన మార్పు అమెరికాలో జరిగింది. సెయింట్ లూయీలో గుర్రపు బండ్లు తయారుచేసే హెన్రీ టిమ్‌కెన్ ఒక విషయం గమనించాడు. బరువు బండి మలుపు తిరిగేటప్పుడు ఇరుసు మీద పైనుంచి వచ్చే భారంతోపాటు పక్కనుంచి తోపు కూడా పడుతుంది. ఈ రెండింటినీ తట్టుకునేలా, ఒక చివర సన్నగా ఉండే రోలర్లతో చేసిన బేరింగుకు 1898లో పేటెంటు వచ్చింది. మన షెడ్లలో ‘టేపర్ బేరింగు’ అనేది దీనినే. 1907లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, బట్టల మిల్లు ఇంజనీరు స్వెన్ వింగ్‌క్విస్ట్ షాఫ్టు కొంచెం వంకరపోయినా సర్దుకునే బాల్ బేరింగు కనిపెట్టాడు. ఆయన స్థాపించినదే ఎస్.కె.ఎఫ్. కంపెనీ. 1927లో తొలి కారు తెచ్చిన వోల్వో కూడా ఆ కంపెనీ నీడలోనే పుట్టింది. లాటిన్‌లో ‘వోల్వో’ అంటే ‘నేను దొర్లుతున్నాను’ అని అర్థం.

ఈ చిన్న వస్తువు విలువ యుద్ధకాలంలో లోకానికి తెలిసింది. 1943లో అమెరికా విమానాలు ష్వైన్‌ఫర్ట్ బేరింగు ఫ్యాక్టరీల మీద ఆగస్టు 17న, అక్టోబరు 14న పెద్ద దాడులు చేశాయి. రెండవ దాడిలోనే 60 బాంబరు విమానాలు పోయాయి.

మన దేశంలో 1946లో జైపూరులో నేషనల్ ఇంజనీరింగ్ ఇండస్ట్రీస్ ఏర్పడి బేరింగుల తయారీకి దారి తీసింది. 1957 నుంచి 2014 వరకు తయారైన అంబాసిడర్ కాలంలో మెకానిక్కు చేతి పనికే విలువ. అప్పటి బండ్లలో హబ్బు విప్పి, బేరింగు కడిగి, చూసి, గ్రీజు పెట్టి తిరిగి బిగించేవారు. పాడైన బేరింగులు పిల్లల చేతికి చేరి, చెక్క పలక కింద చక్రాలై వీధంతా మోగించేవి.

1983 డిసెంబరులో మారుతి 800 రావడంతో ముందు చక్రాల ద్వారా నడిచే చిన్న కార్ల కాలం మొదలైంది. తరువాతి దశాబ్దాలలో సీలు వేసిన బేరింగులు వాడుకలోకి వచ్చాయి. వీటికి గ్రీజు పెట్టే పని లేదు. అది సౌకర్యమే. కాని విప్పి చూసే అలవాటు కూడా దానితోనే పోయింది. లోపలి గోళీ దారి మీద ఉక్కు పెచ్చులూడినా, వరద నీరు చేరి గ్రీజు చెడినా మనకు చెప్పేది మోత ఒక్కటే.

ఆ మోతను గుర్తించడం కష్టం కాదు. వేగం పెరిగేకొద్దీ ‘గుయ్’మనే ధ్వని పెరుగుతుంది. గేరు మార్చినా, క్లచ్చి నొక్కినా మారదు కనుక అది ఇంజనుది కాదు. రోడ్డు మారగానే ధ్వని మారితే టైరును అనుమానించాలి. ఎడమకు మెల్లగా తిప్పినప్పుడు భారం కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే సాధారణంగా కుడి వైపు బేరింగు పాడైనట్టు. తరువాత షెడ్డులో జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపి చూస్తారు. ప్లే ఉన్నా, చేతితో తిప్పినప్పుడు గరగరలాడినా సందేహం తీరినట్టే.

మార్పించేటప్పుడు కొన్ని సంగతులు అడిగి చేయించుకోవాలి. పాత తరహా టేపర్ బేరింగయితే దాని బయటి రేసు కూడా కొత్తదే వేయాలి, స్ప్లిట్ పిన్ను కొత్తది పెట్టాలి. నట్టును మరీ బిగిస్తే బేరింగు వేడెక్కి పోతుంది, వదులుగా ఉంచితే చక్రం ఊగుతుంది. సీలు బేరింగయితే సుత్తితో కొట్టకుండా ప్రెస్సు మీద ఎక్కించాలి. బయటి రింగును హబ్బులోకి ఎక్కించేటప్పుడు ఒత్తిడి ఆ బయటి రింగు మీదే పడాలి. లోపలి రింగు మీద ఒత్తితే గోళీలు నొక్కుకుని కొత్త బేరింగే మోత మొదలుపెడుతుంది. హబ్బు నట్టును కంపెనీ చెప్పిన కొలత ప్రకారం టార్కు రెంచితో బిగించాలి. బ్రేకు కాలిపర్‌ను గొట్టం మీద వేలాడనీయకూడదు.

ఉద్యోగంలో మెమో వస్తే జవాబివ్వకుండా పక్కన పడేసేవాళ్ళం కాదు. బేరింగు మోత కూడా అలాంటి మెమోయే. పట్టించుకోకపోతే వేడెక్కి, చివరకు చక్రమే పట్టుతప్పవచ్చు. పిల్లాపాపలతో ఘాటురోడ్డు ఎక్కే ముందు రేడియో ఆపి ఒకసారి చెవి ఒగ్గి వినండి. వినికిడి తగ్గినవారు పక్కన కూర్చున్న మనవడిని వినమనండి. అనుమానం వస్తే ప్రయాణం ఒక రోజు వాయిదా వేసుకుని, ముందు బండిని షెడ్డుకు పంపండి.