2,222కు ముందున్న సున్నా



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దల కూటంలో ఒక నోటుపుస్తకం మా ముందుకొచ్చింది. వాగు అవతలి పల్లెలో శుక్రవారం కూడికకు ఎంతమంది వస్తున్నారు, కానుక ఎంత, ఆటోకు ఎంత అవుతోంది, అన్నీ నెలలవారీగా రాసి ఉన్నాయి. ఏ నెలలోనూ ఆరుగురికి మించలేదు. "లెక్క చూస్తే ఆపేయాలి అయ్యగారూ, మనసేమో ఒప్పుకోవడం లేదు" అన్నారు, ఆ లెక్క రాసిన పెద్దాయనే. వారమంతా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మనకంటే ముందు ఈ నేల మీదే ఇలాంటి లెక్క వేసుకున్నవాళ్లు జ్ఞాపకం వచ్చారు.

అమెరికన్ బాప్టిస్టులు తెలుగువారి మధ్య పని మొదలుపెట్టింది 1836లో. పదిహేడేళ్లయినా నెల్లూరులో మారినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1853లో ఆల్బనీ పట్టణంలో కూడిన వారి పెద్దలు, ఈ మిషను మూసేద్దామా అని ఆలోచించారు. 1862లో మళ్లీ అదే ప్రశ్న. సెలవు మీద స్వదేశం వెళ్లిన జూయెట్ దొరగారు మాత్రం, మీరు పంపకపోయినా నేను వెళ్తాను, అక్కడే చనిపోతాను అన్నారు. ఖర్చూ ఫలితమూ పక్కపక్కన పెట్టి చూస్తే మూసేయమన్నవాళ్లది మూర్ఖత్వమేమీ కాదు. అయినా జూయెట్ గారి మాటే నిలిచింది. 1865లో ఆయన నెల్లూరుకు తిరిగొచ్చినప్పుడు జాన్ క్లౌ అనే యువకుడు వెంట వచ్చాడు.

ఇక్కడ ఆపేసి "చూశారా, హృదయమే గెలిచింది" అని చెప్పడం మాకు తేలిక. చాలాసార్లు చెప్పాము కూడా. కానీ క్లౌ దొరగారి కథ అంత సూటిగా నడవదు.

ఆయన సేవలోకి రాకముందు అమెరికాలో ప్రభుత్వ భూములు కొలిచిన సర్వేయరు. ఒంగోలుకు వచ్చాక, 1876లో మొదలైన ధాత కరువులో, ఆ పాత పనే అక్కరకొచ్చింది. జనం ఆకలితో రాలిపోతుంటే బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వే కంట్రాక్టు తీసుకున్నారు. తన బోధకులనే పని మీద మేస్త్రీలుగా పెట్టారు. తవ్విన మట్టికి సరైన కొలత, కొలతకు సరైన కూలి. కూలి ఎగ్గొట్టే మేస్త్రీ చేతిలో పడితే ఆ రోజుల్లో ప్రాణమే పోయేది. కాబట్టి ఆ లెక్క ప్రేమకు అడ్డు కాలేదు, గంజి పోసింది. పని ఆగిన వేళల్లో ఆ బోధకులే కూలీల పక్కన కూర్చొని మత్తయి 11:28 వినిపించేవారు.

వినినవాళ్లు బాప్తిస్మము అడిగారు. ఒకరిద్దరు కాదు, గుంపులు గుంపులుగా. దొరగారు ఇవ్వలేదు! కరువు సాయం తన చేతి మీదుగా పంచబడుతోంది గనుక, కూటి కోసం వస్తున్నారో క్రీస్తు కోసం వస్తున్నారో తేలదని, దాదాపు 15 నెలలు బాప్తిస్మాలు ఆపేశారు. ఆ కాలంలో సంఘస్థులే చాలామంది చనిపోయారు. కళ్లెదుట అంతటి బాధ చూస్తూ, చేతులు చాపి అడిగేవాళ్లతో "ఆగండి" అనడం మావల్ల అయ్యేదా? ఆ నిర్ణయం పూర్తిగా సరైనదేనని కూడా మేము చెప్పలేము. ఆకలిగా ఉన్నవాడు ప్రభువును నిజంగా వెదకకూడదా? అయితే ఒక్కటి గమనించాలి. రిజిస్టరు నింపుకోవడానికి అంతకంటే మంచి సమయం ఆయనకు దొరికేది కాదు.

1878లో కరువు తగ్గుముఖం పట్టింది. ఇక పంచడానికి డబ్బు లేదు, ఇళ్లకు పొండి అని చెప్పినా జనం గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లికి వచ్చారు. మాకు సాయం వద్దు, పని చేసి బ్రతుకుతాము అని, బొబ్బలెక్కిన తమ చేతులనే సాక్ష్యంగా పెట్టుకున్నారు. జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీళ్లలో దిగి, వంతులు మార్చుకుంటూ ఇచ్చారు. దొరగారు ఆ రోజు ఎవరికీ స్వయంగా ఇవ్వలేదు.

ఆ 2,222 మనందరికీ కంఠతా వచ్చు. వార్షికోత్సవాల్లో మేమే ఎన్నిసార్లు గట్టిగా పలికామో! దానికి ముందున్న 15 నెలల సున్నాను మాత్రం ఒక్కసారీ చెప్పలేదు. దావీదు జనసంఖ్య చూసుకొని తర్వాత బాధపడ్డాడు (2 సమూయేలు 24). గోపురం కట్టేవాడు ముందు కూర్చొని ఖర్చు చూసుకోవాలని ప్రభువే చెప్పాడు (లూకా 14). రెండూ ఒకే బైబిలులో ఉన్నాయి.

పెద్దాయన నోటుపుస్తకం మేము తిరిగి ఇచ్చేశాము, రాయడం మానవద్దని కూడా చెప్పాము. అందులో ఆ ఆరుగురి పేర్లు లేవు. అందుకే ఏ నిర్ణయమూ తీసుకోకముందు, వచ్చే శుక్రవారం పెద్దలందరం వాగు దాటి వెళ్తున్నాము. వాళ్ల ఇళ్లల్లో కూర్చుంటాము, ఎందుకు వస్తున్నారో, మిగతావాళ్లు ఎందుకు రావడం లేదో అడుగుతాము. ఆటో ఖర్చు ఈసారి మాది. మీలో రాగలిగినవారు సాయంత్రం ఐదింటికి మందిరం దగ్గరకు రండి.