ప్లాస్టిక్ పూరకాలు

ప్లాస్టిక్ పూరకాలు అనగా ప్లాస్టిక్ వస్తువులను అచ్చుపోసేటపుడు పాలిమరుతో కలిపే ఘన పదార్థాలు. వాడుకలో వీటిని ఫిల్లర్లు అంటారు. వస్తువు బలాన్ని గాని, బిగువును గాని పెంచేవి బలవర్ధక పూరకాలు. కేవలం పరిమాణాన్ని లేదా బరువును పెంచేవి సాధారణ పూరకాలు. ఇందుకు ఉపయోగించిన ఖనిజాలలో బలపపు రాయి, సున్నపురాయి, ముగ్గురాయి, రాతినార నాలుగూ ఉమ్మడి కర్నూలు, కడప జిల్లాలలో లభిస్తాయి.

రేణువు ఆకారం

బలవర్ధక గుణం ముఖ్యంగా రేణువు ఆకారాన్ని బట్టి ఉంటుంది. రేణువు పొడవు దాని మందానికి ఎన్ని రెట్లు ఉంటే, వస్తువుపై పడిన భారాన్ని పూరకం అంత ఎక్కువగా పంచుకుంటుంది. సున్నపురాయి పొడిలో ఈ నిష్పత్తి దాదాపు 1 మాత్రమే. బలపపు రాయి పలుచని పలకలుగా విడిపోతుంది. గాజునార పోగులలో పొడవు మందానికి పదుల రెట్లు ఉంటుంది. 30 శాతం గాజునార కలిపిన నైలాన్ బలం మామూలు నైలాన్‌కు సుమారు రెట్టింపు. అయితే గాజునార అచ్చును, యంత్రపు స్క్రూను అరగదీస్తుంది. పోగులు ప్లాస్టిక్ ప్రవహించిన దిశలో సర్దుకొనుట వలన వస్తువు చల్లారేటపుడు అన్ని వైపులా సమానంగా కుదించుకోక వంకరపోవచ్చు.

బలపపు రాయి

పిల్లలు పలక మీద వ్రాసే బలపాలకు వాడే ఈ మెత్తని రాయి (టాల్క్) బేతంచెర్ల, డోన్ పరిసరాలలో దొరుకుతుంది. మోస్ కాఠిన్య మానంలో దీని స్థానం 1, కనుక యంత్రాలకు అరుగుదల తక్కువ. పాలీప్రొపిలీన్‌లో 20 నుండి 40 శాతం కలిపితే బిగువు, వేడికి వంగని గుణం పెరిగి, కుదింపు తగ్గుతుంది. కార్ల డాష్‌బోర్డులలో ఈ మిశ్రమాన్ని విరివిగా వాడతారు. దెబ్బను ఓర్చుకునే శక్తి మాత్రం తగ్గుతుంది. రాయిలో ఇనుము అధికంగా ఉంటే పాలీప్రొపిలీన్ వేడికి త్వరగా పాడవుతుంది, కాబట్టి తెలుపు ఒక్కటే చూసి కొనుట చాలదు.

ధర విషయంలో తరచు జరిగే పొరపాటు ఒకటి ఉన్నది. ముడిసరుకును బరువు లెక్కన కొంటారు, అచ్చు మాత్రం ఘనపరిమాణం లెక్కన నిండుతుంది. ఒక కిలో పాలీప్రొపిలీన్ సుమారు 1,100 ఘన సెంటీమీటర్లు నింపగా, 40 శాతం బలపపు రాయి కలిపిన కిలో మిశ్రమం 810 మాత్రమే నింపుతుంది. కిలో ధర తగ్గినంత మాత్రాన వస్తువు ధర తగ్గదు.

ముగ్గురాయి

కడప ప్రాంతంలోని మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) నిక్షేపం ప్రపంచ ప్రసిద్ధమైనది. ఇక్కడి రాయి అధికంగా చమురు బావుల త్రవ్వకానికి పోతుంది. సాంద్రత సుమారు 4.5. ఇది బలాన్ని ఇవ్వదు; బరువు, శబ్ద నిరోధం, ఎక్స్-కిరణాలను అడ్డుకొనుట కావలసిన చోటనే దీని అవసరం.

రాతినార

ఆకారాన్ని మాత్రమే చూస్తే ఈ నాలుగింటిలో శ్రేష్ఠమైనది రాతినార (ఆస్‌బెస్టాస్). పులివెందుల ప్రాంతంలో వేంపల్లె డోలమైట్ శిలలోనికి డోలరైట్ చొచ్చుకువచ్చిన చోట క్రైసోటైల్ రకం ఏర్పడింది. వేడికి తట్టుకొనే బేకలైట్ తరహా వస్తువులలో, బ్రేకు భాగాలలో ఒకప్పుడు దీనిని విస్తారంగా కలిపేవారు. బలాన్నిచ్చే ఆ సన్నని పోగులే ఊపిరితిత్తులలో చేరి, ఏళ్ళ తరువాత ఆస్‌బెస్టోసిస్, మీసోథీలియోమా వంటి వ్యాధులకు కారణమవుతాయి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అన్ని రకాల రాతినారను మానవులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల వర్గంలో చేర్చినది. భారత ప్రభుత్వం 1986లో రాతినార గనులకు కొత్త లీజులను నిలిపివేసింది.

బలపపు రాయి కూడా ఇదే వేంపల్లె డోలమైట్‌లో ఏర్పడినది కనుక, కొనే ముందు పోగులు లేవని సూక్ష్మదర్శినితో పరీక్షింపజేయుట అవసరం. అదే సంస్థ 2024లో టాల్క్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం గల పదార్థాల జాబితాలో (2ఎ వర్గం) చేర్చింది. ప్లాస్టిక్‌లో ఇమిడిపోయిన పొడి కంటె రాయి పిండి చేసే మరలలో, బస్తాలు విప్పే చోట ఎగిరే ధూళియే ఎక్కువ ప్రమాదకరం.

పొలాలలో వాడకం

పత్తికొండ వంటి మెట్ట ప్రాంతాలలో పూరకాల ఎంపిక ఫలితం బిందు సేద్యపు పరికరాలలో కనిపిస్తుంది. నల్లని డ్రిప్ గొట్టాలలో 2 నుండి 3 శాతం కార్బన్ బ్లాక్ కలుపుతారు; దాని ముఖ్య పని ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకొనుట. పీవీసీ ఎల్బోలు, టీలలో సున్నపురాయి పొడి మితంగా ఉంటే ఇబ్బంది లేదు. చవక కోసం మోతాదు మించితే అవి పెళుసుబారి, బిగించేటపుడో, నీటి ఒత్తిడికో పగులుతాయి. అటువంటి ముక్క బరువుగా ఉంటుంది కాబట్టి, చేతితో తూచి గట్టి సరుకని భ్రమపడే వీలున్నది.