దఫ్తరం మోసిన తలలు: లా సీటు దాకా మన నడక (5వ భాగం)



పోయిన భాగం చదివి కొందరు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, లాసెట్ రాయాల్నా, క్లాట్ రాయాల్నా?" జవాబు చెప్తాను. ముందు కొంచెం వెనక్కి పోవాలె.

మాది పాత ఆదిలాబాద్ జిల్లా, మంచిర్యాల దిక్కు. మా తాత వెట్టి చేసినోడు. పట్వారీ దఫ్తరం మూట కట్టి ఇస్తే, నెత్తిన పెట్టుకొని కచేరీ దాకా నడిచేటోడు. "ఆ మూటల మన భూమి ముచ్చట సుత ఉండె బిడ్డా. మోసిన గని అండ్ల ఏం రాసిన్రో నాకేం ఎరుక" అనేటోడు. నా వరకు లా చదువు చరిత్ర ఆ మూట దగ్గరే మొదలైతది.

నిజాం రాజ్యంలో కోర్టుల భాష మొదట పారశీకం. 1880లలో దాని జాగాలోకి ఉర్దూ వచ్చింది. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూ మాధ్యమంలోనే నడిచింది. మన ఊళ్లల్లో మాట్లాడేది తెలుగు, ఆసిఫాబాద్ అడవుల్లో గోండి, కొలామి. అంటే కేసు ఒక భాషలో, ఆ కేసు మోసే మనిషి ఇంకో భాషలో. నడుమ పట్వారీ, వకీలు. ఆ నడుమ జాగాలోనే భూములు పోయినయి. భూమి కోసం, అడవి కోసం లేచిన కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు.

అదే దిక్కున వాంకిడిలో 1915లో పుట్టిన పద్మశాలి బిడ్డ కొండా లక్ష్మణ్ బాపూజీ వకీలు అయ్యాడు. పాత కరీంనగర్ జిల్లా వంగర నుంచి పి.వి. నరసింహారావు నాగపూర్ పోయి లా చదివాడు. ఇంట్ల భూమి ఉన్నోడికి నాగపూర్ సుత దగ్గరే. మన వాడల పిల్లలకు ఊరి బడి గడపే దూరం. అంబేడ్కర్ 1922లో లండన్ గ్రేస్ ఇన్ నుంచి బారిస్టర్ అయ్యాడు. కానీ ఆయన దారిలో మన పిల్లలు నడవాలంటే ముందు ఫీజు కట్టే దిక్కు కావాలె. బ్రిటిష్ ఇండియాలో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది 1944లో. అప్పుడు ఆయన వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడు.

మన పక్క జిల్లా నిజామాబాద్‌లో వకీలుగా పనిచేసిన బొజ్జా తారకం గారిని యాది చేసుకోవాలె. 1985లో కారంచేడు తర్వాత ప్రభుత్వ ప్లీడర్ పదవి వదులుకున్నారు. 'పోలీసులు అరెస్టు చేస్తే' అని తెలుగులో పుస్తకం రాశారు. మూట విప్పి అందులో ఏమున్నదో మన భాషలో చదివి వినిపించడం అంటే అదే.

ఇగ ఇప్పటి గేటు. 1987లో బెంగళూరులో నేషనల్ లా స్కూల్ ఏర్పడింది, 1998లో హైదరాబాద్‌లో నల్సార్. 2008లో ఏడు విశ్వవిద్యాలయాలు కలిసి క్లాట్ మొదలుపెట్టాయి. పరీక్ష ఇంగ్లిషులోనే. 2020 నుంచి పొడుగు పేరాలు ఇచ్చి వాటి మీద ప్రశ్నలు అడుగుతున్నారు. రెండు గంటలు, 120 ప్రశ్నలు, తప్పు రాస్తే పావు మార్కు కోత. దరఖాస్తు ఫీజు మనకు 3,500 రూపాయలు. కరీంనగర్ నుంచి జూబ్లీ బస్టాండుకు పోయే బస్సు నల్సార్ ఉన్న షామీర్‌పేట మీదుగానే పోతది. ఆ బస్సులో కూర్చున్న మన పిల్లల్లో ఎంతమందికి ఆ సంగతి తెలుసు?

నీట్‌ను, జేఈఈ మెయిన్‌ను 13 భాషల్లో పెడుతున్నారు, తెలుగు సుత ఉన్నది. డాక్టర్ కావడానికి అడ్డం రాని తెలుగు, వకీలు కావడానికి ఎందుకు అడ్డమొస్తది? రేపు జగిత్యాల కోర్టులో సాక్షి తెలుగులోనే గదా చెప్పేది! ఇది మనం అడగాల్సిన ప్రశ్న.

లాసెట్‌లో 120 ప్రశ్నలకు 90 నిమిషాలు, తప్పుకు కోత లేదు. పేపర్ తెలుగులోనూ ఉంటది. ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కుల నిబంధన లేదు. సగం మార్కులు, అంటే 60, లా ఆప్టిట్యూడ్‌కే. రాజ్యాంగం చదివినోడికి అవి చేతికి అందే మార్కులు. బార్ కౌన్సిల్ 2008 నియమాల్లో వయసు గేటు సుత పెట్టింది: ఐదేళ్ల కోర్సుకు 20, మనకు 22; మూడేళ్ల కోర్సుకు 30, మనకు ఐదేళ్ల సడలింపు. కూలికి పోయి, ఆగి ఆగి చదివేటోళ్లకు అది చిన్న గేటు కాదు. 2017లో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది.

నా సంగతి చెప్తా. లాసెట్‌లో ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగ్ తేదీ నాటికి నా టీసీ చేతిలో లేదు. డిగ్రీ చదివిన కాలేజీ, పేరు ఎందుకులే, రీయింబర్స్‌మెంట్ రాలేదు కాబట్టి పైసలు కట్టి తీసుకపో అన్నది. నాయిన అప్పు పుట్టించే లోపు తేదీ దాటింది. ఒక ఏడాది పోయింది. మా తాత మూట మోసినా కాయితం ఆయనది కాలేదు. నేను చదువుకున్నా నా కాయితం నా దగ్గర లేదు.

అందుకే నా జవాబు ఇది. ఇంగ్లిషు మీద పట్టు ఉంటే, ఫీజు పుడితే రెండూ రాయండి. లేకుంటే లాసెట్ రాయండి, సిగ్గుపడే పనే లేదు. చదువుతో పాటు కుల, ఆదాయ ధ్రువపత్రాలు, టీసీ ఇప్పుడే సిద్ధం చేసుకోండి. టీసీ ఆపితే ఒక్కరే పోయి బతిమిలాడకండి, పదిమంది కలిసి పోండి. చివరి గేటు సంగతి సుత తెలుసుకోండి: వకీలుగా నమోదుకు ఎస్సీ, ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి తీసుకోవద్దని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

మా అక్క బిడ్డ ఇప్పుడు కరీంనగర్‌లో రూము తీసుకొని లాసెట్‌కు చదువుతున్నది. మొన్న ఫోన్ చేసి, "మామా, ఆర్టికల్ 17 ఒక్కటే లైను ఉన్నట్టున్నది, గింతేనా?" అన్నది. గంతే బిడ్డా. ఆ ఒక్క లైను కోర్టులో నిలబడి చదివేటోళ్లు కావాలె.

వచ్చే భాగంలో: సీటు వచ్చినంక హాస్టల్, తరగతి గది.

జై భీమ్.