వంశస్తుతి నుండి ఋణస్మృతి దాకా: తెలుగు స్వీయచరిత్రల్లో కుటుంబ జ్ఞాపకం

వ్యాససంగ్రహం

తెలుగు సాహిత్యంలో కుటుంబ జ్ఞాపకం మొదట కావ్యావతారికల్లో వంశవర్ణనగా కనిపిస్తుంది. ఆధునిక వచనంలో అది స్వీయచరిత్రగా, మౌఖిక సాక్ష్యంగా, తరాల కథగా రూపాంతరం చెందింది. ఈ మార్పు కేవలం ప్రక్రియాపరమైనది కాదు. పూర్వం వంశస్మరణ యోగ్యతను నిరూపించేది. ఆధునిక రచనల్లో అది తీర్చవలసిన ఋణాన్ని లెక్కకట్టే పనిగా మారింది. ఆ పరిణామాన్ని కొన్ని ప్రధాన రచనల ఆధారంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్వీయచరిత్ర, అవతారిక, కుటుంబస్మృతి, మౌఖిక చరిత్ర, ఋణం.

ఉపోద్ఘాతం

తెలుగువారి ఇళ్ళలో పూర్వుల స్మరణకు నియతమైన మార్గాలు ఉన్నాయి. తద్దినంనాడు తండ్రి, తాత, ముత్తాత అనే మూడు తరాల పేర్లు ఉచ్చరిస్తారు. తాత పేరు మనుమడికి పెడతారు. ఇంటిపేరు ఒక ఊరినో వృత్తినో తనలో దాచుకొని ఉంటుంది. ఇవన్నీ పేర్లను కాపాడే ఏర్పాట్లు. ఆ పేరుగల మనిషి ఎలా బతికాడు, ఇల్లు గడవడానికి ఎవరు ఏమి వదులుకొన్నారు అన్న సంగతులు ఈ ఏర్పాట్లలోకి రావు. అవి వంటింట్లో, అరుగుమీద, రాత్రి పడకల దగ్గర మాటల రూపంలో కొంతకాలం నిలిచి, చెప్పేవారితోపాటే పోతాయి.

ఇరవయ్యో శతాబ్దపు స్వీయచరిత్రకారులు ఈ రెండో రకపు జ్ఞాపకాన్ని అచ్చులోకి తెచ్చారు. వారి రచనలను ఇంతవరకు ఎక్కువగా సంఘసంస్కరణ చరిత్రకో, సాహిత్యోద్యమాల చరిత్రకో ఆకరాలుగా చదివారు. వాటిని కుటుంబ జ్ఞాపకానికి సంబంధించిన రచనలుగా చదివితే మరొక చరిత్ర బయటపడుతుంది. ఎవరి జ్ఞాపకం ఎవరి కలం ద్వారా వచ్చింది, ఎందుకు వచ్చింది అన్నది ఆ చరిత్రలోని మూలప్రశ్న.

అవతారికలో కుటుంబం

ప్రాచీన కావ్యాల్లో కుటుంబానికి నిర్ణీతమైన చోటు అవతారిక. కృతిపతి వంశాన్నీ, తన వంశాన్నీ కవి అక్కడ వర్ణిస్తాడు. తిక్కన నిర్వచనోత్తర రామాయణంలో తన తాత మంత్రి భాస్కరుని స్మరించాడు. కేతన తన దశకుమారచరిత్రను తిక్కనకే అంకితమిచ్చి, ఆయన కుటుంబాన్ని వర్ణించాడు. తిక్కన తండ్రి కొమ్మన, తల్లి అన్నమ గురించి సాహిత్యచరిత్రకారులు చెప్పగలిగినదానికి ఇటువంటి పద్యాలే ఆధారం. విరాటపర్వం అవతారికలో కొమ్మన కలలో కనిపించి కుమారునికి హరిహరనాథుని అనుగ్రహాన్ని తెలియజేస్తాడు. మహాభారత రచనకు కావలసిన అనుమతి తండ్రి రూపంలో వచ్చిందన్నమాట. ఇక్కడ పితృస్మరణ వల్ల కార్యానికి అధికారం సిద్ధిస్తుంది.

మొల్ల తన రామాయణంలో తండ్రి కేసనను శివభక్తునిగా పరిచయం చేసింది. రాజాశ్రయం లేని కవయిత్రికి తండ్రి భక్తే వంశగౌరవం అయింది. కృతిపతి వైభవాన్ని పొగడవలసిన చోట ఒక సామాన్య గృహస్థుని భక్తి నిలిచింది. అయినా స్మరణ ప్రయోజనం మారలేదు. తాను ఈ పనికి తగినదాన్నని చెప్పడమే ఇక్కడా ఉద్దేశం.

అవతారికకు వెలుపల కూడా వంశస్మృతికి వ్యవస్థలు ఉన్నాయి. కాపు, రెడ్డి కుటుంబాల గోత్రాలను పిచ్చకుంట్లవారు చెప్పేవారు. పద్మశాలీల కులపురాణాన్ని సాధనాశూరులు ప్రదర్శించేవారు. మాదిగల జాంబపురాణాన్ని డక్కలివారు వినిపించేవారు. ఒక కుటుంబపు లేదా కులపు జ్ఞాపకాన్ని ఆ కులంమీద ఆధారపడిన మరొక కులం భద్రపరచడం ఈ ఏర్పాటులోని విశేషం. జ్ఞాపకం ఇక్కడ వృత్తి. దానికి ప్రతిఫలంగా వారికి త్యాగం, అంటే సంభావన, ముట్టేది.

పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో కల్నల్ కాలిన్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వారి సహచరులు సేకరించిన కైఫీయతుల్లో వంశావళులు కాగితంమీదికి ఎక్కాయి. గ్రామ కరణాల కవిలెల నుండీ, ఊరి పెద్దల నోటి నుండీ వచ్చిన ఆ కథనాల్లో ఎవరి పూర్వులు ఏ గ్రామాన్ని ఎవరి వల్ల పొందారన్నది ముఖ్యమైన అంశం. వంశస్మరణ భూమిహక్కుకు సాక్ష్యం అయింది. అవతారికలో గౌరవానికీ, కైఫీయతులో హక్కుకూ పూర్వుల పేర్లు ఉపకరించాయి. ఈ రెండింటిలోనూ పేరు లేనివారు, భూమి లేనివారు దాదాపు కనిపించరు. ఇంటి ఆడవారు పతివ్రతలుగా, సద్గుణవతులుగా ఒక పద్యపాదంలోనో ఒక వాక్యంలోనో ముగిసిపోతారు.

వీరేశలింగం: గోదావరి నీళ్ళ బిందె

తెలుగులో తొలి సమగ్ర స్వీయచరిత్రగా ప్రసిద్ధి పొందిన కందుకూరి వీరేశలింగం స్వీయచరిత్రము 1910లలో రెండు భాగాలుగా వెలువడింది. ఆయన 1848లో రాజమహేంద్రవరంలో జన్మించాడు. నాలుగేళ్ళ వయసులో తండ్రిని కోల్పోయాడు. తల్లి పున్నమ్మ, పెదతండ్రి వెంకటరత్నం ఆయనను పెంచారు. గ్రంథంలో ఎక్కువ భాగం సంస్కరణోద్యమానికి, వివాదాలకు, వ్యాజ్యాలకు చెందినదే. కుటుంబం వీటి మధ్య అక్కడక్కడ మాత్రమే కనిపిస్తుంది. కనిపించినప్పుడు మాత్రం అవతారికలో ఎరుగని కొత్త స్వరం వినిపిస్తుంది.

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిగింది. బహిష్కారానికి భయపడి వంటవారు, నీళ్ళు మోసేవారు ఆ ఇంటికి రావడం మానుకొన్నారు. అప్పుడు వీరేశలింగం భార్య రాజ్యలక్ష్మి గోదావరి నుండి నీళ్ళు మోసుకొచ్చి వంట చేసింది. సంస్కరణ చరిత్రలో ఈ సంగతి ఒక ఉదాత్త ఘట్టంగా పదేపదే ఉదాహరణకు వస్తుంది. కుటుంబ చరిత్రగా చదివినవారికి ఇందులో మరొకటి స్ఫురిస్తుంది. శాస్త్రచర్చలు, ఉపన్యాసాలు, పత్రికా వివాదాలు పురుషులవి. బహిష్కారం ఫలితం మొదట సోకింది మాత్రం వంటింటికి. ఉద్యమం ఆనాడు నిలిచిందా లేదా అన్నది ఒక స్త్రీ నడుంమీది బిందె తేల్చింది.

ఈ స్త్రీ పుట్టింటి పేరు బాపమ్మ. అత్తింట ఆమె రాజ్యలక్ష్మి అయింది. 1910లో మరణించింది. ఆమె గురించి తెలిసిన విషయాల్లో అధికభాగం భర్త రాసినదే. వీరేశలింగం ఆమె సహాయాన్ని దాచలేదు. తన కార్యం ఆమె లేనిదే సాగేది కాదని గ్రహించే అవకాశం పాఠకునికి ఆయనే ఇచ్చాడు. అయినా ఆమె ఆ బిందె మోస్తూ ఏమనుకొన్నదో చెప్పే ఒక్క పుట లేదు. అందువల్ల ఈ గ్రంథంలోని కుటుంబస్మృతి ఋణాన్ని అంగీకరించిన పత్రం వంటిది. అప్పు ఇచ్చినవారి చేవ్రాలు అందులో లేదు.

శ్రీపాద: వారసత్వంతో వాదం

శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ 1950లలో వెలువడటం మొదలైంది. ఆయన 1891లో తూర్పుగోదావరి ప్రాంతంలోని పొలమూరులో జన్మించాడు. వేదం, శ్రౌతం, ధర్మశాస్త్రం ఆ ఇంటి విద్యలు. సంస్కృతం చదవవలసిన పిల్లవాడు తెలుగు కవిత్వం వైపు, వచనం వైపు మళ్ళడం ఆ ఇంట్లో పతనంగానే కనిపించింది. శ్రీపాద స్వీయచరిత్రకు ఈ ఘర్షణే వెన్నెముక.

ఈ ఘర్షణను చెప్పడంలో ఆయన ఎంచుకొన్న వైఖరి గమనింపదగినది. తండ్రి తరాన్ని మూఢులుగా చిత్రించి తనను తాను వీరునిగా నిలుపుకోలేదు. వారి నిష్ఠను, విద్యను, పేదరికంలోని ఠీవిని ఆయన వర్ణించిన తీరులో మమకారం ఉంది. విడిచివచ్చిన ఇంటిని అంత సూక్ష్మంగా గుర్తుంచుకోవడం ఒక విధమైన పితృఋణం తీర్చుకోవడమే. తండ్రి కోరిన చదువును కొడుకు కొనసాగించలేదు. ఆ చదువు ఎలా ఉండేదో మాత్రం తెలుగు వచనంలో శాశ్వతం చేశాడు.

ఇందులో మరొక ఋణం కూడా ఉంది. శ్రీపాద వాక్యంలోని జీవం, నుడికారం, ఎత్తిపొడుపు, లాలింపు గోదావరి మండలపు ఇళ్ళలో ఆడవారి మాటతీరుకు దగ్గరగా ఉంటాయి. సంస్కృత పాండిత్యం తండ్రుల ఆస్తి అయితే, ఈ పలుకుబడి తల్లులది. రాజ్యలక్ష్మి విషయంలో వీరేశలింగం సంఘటనను నమోదు చేశాడు. శ్రీపాదలో స్త్రీల భాషే కథనాన్ని నడిపే సాధనం అయింది. అయితే ఇప్పటికీ కలం పట్టినది కొడుకే.

తామే చెప్పిన చరిత్ర

హైదరాబాదులోని స్త్రీశక్తి సంఘటన 1986లో ప్రచురించిన మనకు తెలియని మన చరిత్ర ఈ పరంపరలో పెద్ద మలుపు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ అనుభవాలను తామే చెప్పగా, వాటిని వారి మాటల్లోనే అచ్చువేసిన గ్రంథమిది. పోరాటం గురించి అప్పటికి వచ్చిన రచనల్లో దళాలు, దాడులు, తీర్మానాలు ప్రధానం. ఈ స్త్రీల కథనాల్లో వాటితోపాటు కాన్పులు, పిల్లలు, ఆకలి, అనుమానాలు, పోరాటం ముగిశాక ఇంటికి తిరిగివచ్చి మళ్ళీ పొయ్యి ముందు కూర్చోవడం ఉన్నాయి. అజ్ఞాతవాసంలో పసిబిడ్డను పరులకు అప్పగించవలసి వచ్చిన కమలమ్మ కథనం చదివిన తరువాత త్యాగమనే మాటను తేలికగా వాడటం ఎవరికైనా కష్టమవుతుంది.

కొండపల్లి కోటేశ్వరమ్మ జ్ఞాపకం ఈ మలుపును మరింత ముందుకు తీసుకొనిపోయింది. 1918లో కృష్ణా జిల్లా పామర్రులో పుట్టిన ఆమె బాలవితంతువు. పునర్వివాహం, కమ్యూనిస్టు ఉద్యమం, అజ్ఞాతవాసం ఆమె జీవితాన్ని మలిచాయి. తరువాతి కాలంలో భర్త కొండపల్లి సీతారామయ్య ఆమెను విడిచిపోయాడు. నడివయసు సమీపిస్తుండగా హైదరాబాదులోని ఆంధ్ర మహిళాసభలో చేరి చదువుకొన్నది. కాకినాడలో విద్యార్థినుల వసతిగృహంలో ఉద్యోగం చేసింది. కొడుకునూ, కూతురునూ పోగొట్టుకొన్నది. తొంభై ఏళ్ళు దాటిన వయసులో, 2012లో ఆమె స్వీయచరిత్ర నిర్జన వారధి వెలువడింది.

వీరేశలింగం ఇంటి కథకు ఇది మరొక కొస. వితంతు వివాహం అక్కడ సంస్కర్త సాధించిన కార్యం. ఇక్కడ ఆ వివాహం చేసుకొన్న స్త్రీ స్వయంగా మాట్లాడుతుంది. పెళ్ళితో కథ సుఖాంతం కాలేదని ఆమె జీవితం చెబుతుంది. అయితే ఆమె కథనంలో నిష్ఠూరం కంటే నిదానం ఎక్కువ. ఉద్యమంమీద నమ్మకాన్నీ, ఉద్యమకారుడైన భర్తవల్ల కలిగిన గాయాన్నీ ఆమె ఒకదానితో మరొకటి చెరిపివేయలేదు. ఈ రెండూ పక్కపక్కనే నిలిచినందువల్లనే ఆ పుస్తకానికి చరిత్రగా బలం చేకూరింది.

యాభై ఎకరాలు, రెండు ఎకరాలు

వై.బి. సత్యనారాయణ 2011లో ఇంగ్లీషులో ప్రచురించిన గ్రంథం తెలుగులో మా నాయన బాలయ్యగా పాఠకులకు చేరింది. కరీంనగర్ జిల్లా వంగపల్లికి చెందిన ఒక దళిత కుటుంబపు కొన్ని తరాల కథ ఇది. పూర్వీకుడైన నర్సయ్య కుట్టి ఇచ్చిన చెప్పులకు మెచ్చి నిజాం యాభై ఎకరాలు ఇనామిచ్చాడని, ఊరి దొర దానిలో రెండెకరాలు మాత్రం మిగిల్చి తక్కినది తీసుకొన్నాడని ఆ ఇంటి జ్ఞాపకం. తరువాతి తరాలు ఊరు విడిచి రైల్వే కొలువుల్లో చేరాయి. రైల్వే కార్మికుడైన బాలయ్య పిల్లల చదువే లక్ష్యంగా జీవించాడు.

ఈ కథను కైఫీయతు పక్కన పెట్టి చూడవలసి ఉంది. అక్కడ వంశస్మరణ ఉన్న భూమిని నిలుపుకోవడానికి ఉపకరించింది. ఇక్కడ అది పోయిన భూమికి సాక్ష్యం. యాభైకీ రెండుకూ మధ్య ఉన్న తేడాలో తెలంగాణ గ్రామంలోని దొరతనపు చరిత్ర ఇమిడి ఉంది. పుస్తకం పేరులో తండ్రి ఉన్నాడు. అవతారికలోని తండ్రి కుమారునికి అధికారం ప్రసాదించాడు. బాలయ్య తన కుమారునికి అక్షరం ఇచ్చాడు. ఆ అక్షరాన్నే కుమారుడు తండ్రి చరిత్రగా తిరిగి అప్పగించాడు.

జ్ఞాపకాన్ని చదవవలసిన తీరు

కుటుంబ జ్ఞాపకాన్ని చరిత్రకు ఆకరంగా తీసుకోవడంలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. తేదీలు సరిపోలేదని తోసిపుచ్చడం ఒకటి. బాధితుల మాట గనుక పరిశీలన అక్కరలేదని అంగీకరించడం మరొకటి. ఇంటి జ్ఞాపకానికి తనదైన కాలగణన ఉంటుంది. నందన కరువు, ధాత కరువు, రజాకార్ల కాలం అన్నవే దానికి సంవత్సరాలు. నందన కరువు 1832-33 నాటిదని, ధాత కరువు 1876-78 నాటిదని, రజాకార్ల కాలం 1947-48 అని పత్రాలతో సరిచూడవచ్చు. అలా సరిచూసినప్పుడు జ్ఞాపకం పరువు తగ్గదు, నిలకడ పెరుగుతుంది.

చెప్పినది ఎవరు, రాసినది ఎవరు అన్నది కూడా పరిశీలించాలి. చిలకమర్తి లక్ష్మీనరసింహం చూపు పోయిన ముదిమిలో తన జీవితకథను చెప్పి రాయించాడు. తెలంగాణ స్త్రీలు తమ కథలను చెప్పగా ఇతరులు లిపిబద్ధం చేశారు. చెప్పిన మాటకూ అచ్చైన వాక్యానికీ మధ్య ఎంపిక, క్రమం, సవరణ ఉంటాయి. ఇవి లోపాలు కావు. పరిశోధకుడు వీటిని గుర్తించి చదవాలి. అంతకంటే ముఖ్యంగా, ప్రతి కుటుంబకథలోనూ మాట రానివారు ఎవరో అడగాలి. వీరేశలింగం గ్రంథంలో రాజ్యలక్ష్మి ఎక్కడ అన్న ప్రశ్నను, తండ్రిని కేంద్రం చేసుకొన్న దళిత కుటుంబకథలో తల్లి ఎంత వినిపించింది అని కూడా వేయవలసి ఉంటుంది.

ముగింపు

తెలుగులో కుటుంబ జ్ఞాపకం యోగ్యతా నిరూపణగా మొదలై, హక్కుకు సాక్ష్యమై, ఆధునిక వచనంలో ఋణస్మృతిగా పరిణమించింది. వీరేశలింగం ఋణాన్ని అంగీకరించాడు. శ్రీపాద దానిని భాషగా మలచుకొన్నాడు. కోటేశ్వరమ్మ తనకు రావలసినదేమిటో తానే చెప్పింది. సత్యనారాయణ తండ్రి తరానికి చెల్లించవలసినదానిని గ్రంథరూపంలో చెల్లించాడు. తద్దినంలో మూడు తరాల పేర్లు పలుకుతారు. వాటికి జీవితాన్ని చేర్చిన పని ఈ రచనలది. ఈ పని చాలా ఇళ్ళలో ఇంకా మొదలే కాలేదు. కరువులను, వలసలను, పోరాటాలను ఎరిగినవారి మాటలు వారు ఉండగానే సేకరించడం, వాటిని పత్రాలతో సరిచూసి భద్రపరచడం తెలుగు శాఖల పరిశోధనలో భాగం కావాలి. ఆ మాటలు ఆగిపోయిన తరువాత ఏ కవిలెలోనూ వాటి నకలు దొరకదు.