కుండ వీపు మీద పుట్టిన రేకు

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటికి వెళ్తే వసారాలో ముందుగా కంటపడేది బోర్లించిన కుండ. మూతి కిందికి, అడుగు పైకి. పక్కన మంట ఎగదోయడానికి కాస్త దారి. ఆ దారిలోకి ఎండు కొబ్బరాకు తోస్తూ ఒకావిడ పీట మీద కూర్చుని ఉంటుంది. పక్కనే గిన్నెలో పాలలా పలచగా కలిపిన బియ్యప్పిండి. ఆ జారులో నూలుగుడ్డ ముంచి, రెండు కొసలూ పట్టుకుని, కాగుతున్న కుండ అడుగు మీదుగా ఒక్క ఊపున లాగుతుంది. గుడ్డ సాగిన మేరా తెల్లటి పూత పరుచుకుంటుంది. చూస్తుండగానే పూత ఆరిపోతుంది, అంచు లేస్తుంది. ఆ అంచు వేళ్లతో అందుకుని పైకి తీస్తే రేకు. పూసింది పూత, తీసింది రేకు: పేరు పెట్టినవాళ్లు చేసే పనినే పేరుగా పెట్టారు.

కుండ కాక తగ్గితే పూత అంటుకుపోయి చిరిగిపోతుంది. ఎక్కువైతే మాడి మచ్చలు పడుతుంది. కాక ఎంతుందో చెప్పే పరికరమేదీ అక్కడ ఉండదు. పిండి తగలగానే కుండ చేసే చప్పుడు, లేచే ఆవిరి, అంచు విడివడే తీరు చూసి ఆకు ఎగదోయాలో ఆపాలో ఆవిడే తేల్చుకుంటుంది.

ఇంత సున్నితమైన మిఠాయికి మూలం వంటింట్లోనే ఉంది. గంజి వార్చిన గిన్నెను కాసేపు అలా వదిలేస్తే అంచున పలచటి పొర కడుతుంది, గీరితే కాగితంలా ఊడి వస్తుంది. అన్నం వార్చే ఏ ఇల్లాలికైనా తెలిసిన సంగతే. బియ్యంలోని పిండి పదార్థం వేడి నీటిలో ఉబ్బి జిగురవుతుంది, నీరు ఆవిరైపోగానే ఆ జిగురు పొరగా బిగుస్తుంది. పూతరేకులో జరిగేదీ అదే, కాకపోతే రెప్పపాటులో. గిన్నె అంచున తనంత తానుగా కట్టే పొరను కావాలని, కావలసినంత వెడల్పున, కుండ వీపు మీద కట్టించడమే ఈ విద్య. గిన్నె లోపలి పొరను వదిలి కుండ వెలుపలి గుండ్రాన్ని వాడుకోవాలని ఎవరికి తోచిందో గానీ, గొప్ప ఊహ అది. చదునైన పెనం మీద గుడ్డను ఇంత సమంగా లాగడం కుదరదు. గుండ్రటి అడుగు మీదైతే గుడ్డ తనే ఒదిగిపోతుంది.

పిండిని పొరగా తీసే విద్య మరికొన్ని దేశాల్లోనూ ఉంది. వియత్నాంలో నీళ్లు మరిగే కుండ మూతికి గుడ్డ బిగించి, దాని మీద బియ్యప్పిండి పలచగా పరిచి ఆవిరికి ఉడికించి, తర్వాత ఎండబెడతారు. మొరాకోలో బోర్లించిన పళ్లెం మీద గోధుమపిండి ముద్దను అద్దుతూ పొర తీస్తారు. తుర్కియేలో రంజాన్ నెలలో చేసే గుల్లాచ్ పిండి పొరలను పాలలో నానబెట్టి తింటారు. మన రేకుకు ఉడకడమూ ఎండడమూ రెండూ కుండ మీదే అయిపోతాయి. దానికి ఎండా అక్కర్లేదు, పాలూ అక్కర్లేదు.

ఈ రేకు కోనసీమ తలవాకిట్లో పేరు తెచ్చుకోవడానికి కారణం పెరట్లో కనిపిస్తుంది. బియ్యం చేలోంచి వస్తుంది. నెయ్యి ఇంటి పాడి. ఇక వంటచెరకు కొబ్బరిచెట్టు ఇస్తుంది. బాగా కాసే నాటు కొబ్బరిచెట్టు ఏడాదికి డజనుకు అటూఇటూగా మట్టలు వేస్తుంది, దాదాపు అన్నే పాతవి రాలుస్తుంది. అంటే నెలకో మట్ట. కర్ర పుల్లలు ఒకసారి అంటుకుంటే నిప్పు కణకణలాడుతూ నిలిచిపోతుంది. ఎండు కొబ్బరాకు అలా కాదు, భగ్గున లేచి చప్పున దిగిపోతుంది. గుప్పెడు ఆకుతో కాక పెంచవచ్చు, చెయ్యి ఆపితే తగ్గించవచ్చు. రేకు తీసే చేతికి కావలసింది సరిగ్గా అలాంటి మంటే. 1996 నవంబరు తుపాను కోనసీమలో కొబ్బరితోటల్ని నేలమట్టం చేసినప్పుడు కాయతో పాటు ఇంటి పొయ్యికి ఆధారం కూడా దెబ్బతింది.

చేలకూ తోటలకూ ఇంత నిలకడగా నీరందడం వెనక ఇంకో చరిత్ర ఉంది. సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో మొదలైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. గౌతమి, వసిష్ఠ పాయల మధ్య ఉన్న మధ్య డెల్టాకు నీరు వదిలే తలుపులు బొబ్బర్లంక దగ్గర ఉన్నాయి. ఆ బొబ్బర్లంక ఆత్రేయపురం మండలంలోదే. అంటే కోనసీమ కాలువల నీళ్లు ముందు ఈ మండలాన్ని తాకాకే అమలాపురం, రాజోలు వైపు వెళ్తాయి. పూతరేకులు చేసేవాళ్లు సంఘం కట్టుకున్నప్పుడు కాటన్ పేరే పెట్టుకున్నారు.

ఇక బియ్యం. రేకుకు ఏ బియ్యం వాడతారని అడిగితే ఆత్రేయపురంలో వచ్చే మాట ‘జయ’. ముతక గింజ, ఉడికితే ముద్దవకుండా పొడిగా ఉండే రకం. అన్నానికి సన్నబియ్యం కోరుకునేవాళ్లు కూడా రేకు దగ్గరికి వచ్చేసరికి ఆ ముతక గింజనే వెతుకుతారు. అయితే జయ వయసు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. అది 1968లో విడుదలైన వంగడం. అఖిల భారత వరి పరిశోధన పథకం కింద హైదరాబాదు రాజేంద్రనగర్‌లో రూపుదిద్దుకుంది. తల్లిదండ్రుల్లో ఒకటి తైవాన్ నుంచి వచ్చిన పొట్టి రకం తైచుంగ్ నేటివ్-1, రెండోది ఒడిశాకు చెందిన టి-141. తరతరాల నాటిదని మనం మురిసిపోయే మిఠాయిలో, ఇవాళ ‘అసలు బియ్యం’ అనిపించుకుంటున్నది హరిత విప్లవం తెచ్చిన గింజ. అంతకుముందు అమ్మమ్మలు వేరే వడ్లు దంచుకునే రేకులు తీశారు. కొత్త గింజ వచ్చాక దాని జిగురు ఎంతో, ఎంతసేపు నానాలో, ఎంత పలచన కలపాలో మళ్లీ చేత్తోనే తెలుసుకున్నారు. పాతదాన్ని నిలబెట్టింది ఆ నేర్పే.

ఇప్పుడు ఆ జయ కూడా చేలల్లో తగ్గిపోయింది. గోదావరి జిల్లాల జయ బియ్యమంటే మలయాళీలకు ప్రాణం. రైతులు మాత్రం మార్టేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎంటీయూ 3626 వైపు, వాడుకలో ‘బొండాలు’ అనే రకం వైపు మళ్లారు. జయ కోసం 2022లో కేరళ పౌరసరఫరాల మంత్రి ఆంధ్రప్రదేశ్ మంత్రితో మాట్లాడవలసి వచ్చింది. కేరళ అన్నం కుండకూ ఆత్రేయపురం రేకుల కుండకూ కావలసిన గింజ ఒకటే కావడం గమ్మత్తైన బంధుత్వం.

కుండ మీద పని సగమే. తీసిన రేకు అప్పడం కంటే పెళుసు, పట్టుకుంటే నలుగుతుంది. మడత పెట్టేవాళ్లు దాన్ని తడిగుడ్డ మీద ఆనిస్తారు, లేదా తడిచేత్తో అలా తాకిస్తారు. ఆ కొద్ది చెమ్మకే రేకు పట్టుబట్టలా మెత్తబడుతుంది. ఒకదాని మీద ఒకటి పరిచి, కరిగిన నెయ్యి రాసి, యాలకుల పొడి కలిపిన పంచదార గుండో బెల్లం పొడో చల్లి, రెండు వైపులా లోపలికి మడిచి చుట్టేస్తారు. నెయ్యి రేకుకు నీరు పట్టకుండా కాపు కాస్తుంది కాబట్టి నాలుగు రోజులు నిలవుంటుంది. ఇప్పుడు జీడిపప్పు, బాదం, చాక్లెట్ కూడా ఆ మడతల్లోకి చేరాయి. చాక్లెట్ రేకు పిల్లల్ని మెప్పిస్తుందేమో గానీ, రేకు రుచి తెలియాలంటే నెయ్యీ బెల్లం ఉన్నదే తినాలి. అందులోనైతే పొరలు నాలుక మీద కరగడం విడిగా తెలుస్తుంది.

ఇంట్లో పండగకో పెళ్లికో చేసుకున్న వంట ఊరి జీవనాధారమయ్యాక పేరు కాపాడుకోవలసిన అవసరం వచ్చింది. దేశంలో భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి, 2003 నుంచి అమల్లోకి వచ్చింది. తిరుపతి లడ్డూ 2009లో, బందరు లడ్డూ 2017లో ఆ గుర్తింపు పొందాయి. ఆత్రేయపురం పూతరేకుకు 2023లో దక్కింది. పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఆ పేరు మీద ఇక ఎవరు పడితే వాళ్లు సరుకు అమ్మడానికి వీల్లేదు. ఈ గుర్తింపు ఫలితం దుకాణం బోర్డు దగ్గరే ఆగిపోకుండా, పొగలో కళ్లు మండుతూ రోజంతా కుండ ముందు కూర్చునే ఆడవాళ్ల కూలి దాకా చేరాలి. పలచటి రేకు ధర వాళ్ల చేతి ధరే.

వానాకాలంలో వాళ్ల పని ఇంకాస్త కష్టం. కొబ్బరాకు చెమ్మగిల్లి సరిగా అంటుకోదు, పొగ ఎక్కువ. గోదావరి గాలి తగిలితే చాలు, రేకు తడిగుడ్డ అవసరం లేకుండానే మెత్తబడుతుంది, దొంతరలో ఒకదానికొకటి అతుక్కుంటుంది. ఆ రోజుల్లో కుండ దిగిన రేకులను దిగినట్టే పొడిబట్టలో చుట్టి మూతపెట్టేస్తారు. ఆకు కట్టలు ముందే ఇంట్లోకి చేరి, చూరు కింద తడవని మూలన పేర్చి ఉంటాయి.