ఆర్మిస్టన్: ఒక ఎస్టేటు గ్రామం చరిత్ర

స్కాట్లాండులోని ఈస్ట్ లోథియన్‌లో, ఎడిన్‌బరోకు ఆగ్నేయంగా టైన్ నది దాపున ఉన్న చిన్న గ్రామం ఆర్మిస్టన్. 18వ శతాబ్దంలో అక్కడి భూస్వాములు పథకం వేసి కట్టించిన వందలాది గ్రామాల్లో ఇది తొలినాటిది. అలాగని ఖాళీ నేల మీద వెలిసిన ఊరు కాదు. వీధి నడుమ నేటికీ నిలిచి ఉన్న రాతి శిలువ 15వ శతాబ్దపుది. 1546లో మరణశిక్షకు గురైన మత సంస్కర్త జార్జి విషార్ట్ పట్టుబడింది ఇక్కడి భూస్వామి భవంతిలోనే.

ఊరి రూపురేఖలు మార్చినవాడు ఇక్కడి భూస్వామి జాన్ కోబర్న్. చివరి స్కాట్లాండు పార్లమెంటులోనూ, 1707లో ఇంగ్లండుతో విలీనం తరువాత 1741 దాకా లండన్ పార్లమెంటులోనూ సభ్యుడు. ఎక్కువ కాలం లండన్‌లోనే ఉంటూ 1727 నుంచి 1744 వరకు తన తోటమాలికి రాసిన ఉత్తరాలు 1904లో అచ్చయ్యాయి. కంచెకు ఏ మొక్క నాటాలో, ఏ కూరగాయ పండించి ఎడిన్‌బరోలో అమ్మాలో కూడా వాటిలో చెబుతాడు. పెద్ద వీధిలో రెండంతస్తులకు తక్కువైన ఇంటికి ఒప్పుకోనని ఆయన పట్టుబట్టాడు. అవిసె నార బట్టల నేత, బట్టను చలువ చేసే మైదానం, బీరు తయారీ ఊరికి వచ్చాయి. 1736లో దొరలూ రైతులూ కలిసి కూర్చుని సేద్యం గురించి మాట్లాడుకునే ఆర్మిస్టన్ సంఘం ఏర్పడింది. ఇవన్నీ మెచ్చదగినవే. అయినా ఊరిని నిలబెట్టింది వీటన్నిటికన్నా కౌలు పద్ధతి. కౌలుదారులకు ఆయన 38 ఏళ్ళ కౌలు, పైగా దాన్ని పొడిగించుకునే హక్కు ఇచ్చాడు. పొలానికి కంచె వేసిన చేతికే దాని ఫలితం దక్కుతుందన్న భరోసా లేనిదే ఏ రైతు పెట్టుబడి పెడతాడు?

ఇదంతా ఒక ధనికుడి సరదా, అది ఆయనతోనే ముగిసిందని అనవచ్చు. నిజమే, అప్పుల పాలై 1740ల చివర్లో ఎస్టేటును హోప్‌టన్ ప్రభువుకు అమ్ముకున్నాడు, 1758లో మరణించాడు. కానీ ఆయన తొలి కౌలుదారుల్లో ఒకరైన వైట్ కుటుంబం అక్కడే సేద్యం సాగించింది. ఆ కుటుంబానికే చెందిన ఆండ్రూ వైట్ దేశమంతా తిరిగి స్కాట్లాండు వ్యవసాయ స్థితిపై రాసిన సంపుటాలు 1778 నుంచి వెలువడ్డాయి. యజమాని దివాలా తీశాక కూడా కౌలుదారు ఇతరుల సేద్యాన్ని బేరీజు వేయగల స్థాయికి ఎదిగాడంటే, పథకంలోని అసలు బలం దొర డబ్బులో లేదనే చెప్పాలి. ఊరి రూపాన్ని నిర్ణయించింది మాత్రం దొర ఒక్కడే; ఆ విషయంలో గ్రామస్థుల మాటకు చోటు దక్కలేదు.

ఆఫ్రికాలో పనిచేసిన మిషనరీ, డేవిడ్ లివింగ్‌స్టన్‌కు మామ అయిన రాబర్ట్ మొఫాట్ 1795లో ఇక్కడే పుట్టాడు. తరువాతి కాలంలో రైలు, బొగ్గు గనులు వచ్చి ఊరు గని కార్మికుల నివాసమైంది.